ఇరవై వేలలో గుట్టెక్కే సైకిల్

సైకిల్ షాపులో అడుగుపెట్టగానే మొదట కంటబడేది రెండు స్ప్రింగుల సైకిల్. ముందు ఫోర్కులో ఒకటి, సీటు కింద ఇంకొకటి. లావు టైర్లు, మెరిసే రంగులు, ఫ్రేము మీద ‘21 గేర్లు’ అన్న పెద్ద స్టిక్కరు. దాని వెనకే, దాదాపు అదే ధరకు, స్ప్రింగు ఒక్కటీ లేని సాదా సైకిల్ గోడకు ఆనుకుని ఉంటుంది. అనంతగిరి వైపు మట్టిదారుల్లోనో, విశాఖ చుట్టూ తూర్పు కనుమల ఎగుడుదిగుళ్లలోనో తొక్కాలన్న కోరికతో ఇరవై వేలు కూడబెట్టుకుని వచ్చిన కుర్రాడి చెయ్యి మొదటిదాని మీదే పడుతుంది. అతణ్ని ఆ రెండో సైకిల్ దాకా తీసుకెళ్లడానికే ఈ కథనం.

కొండదారి సైకిల్ పుట్టింది పాత సైకిళ్ల లోంచే. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ యువకులు కొందరు 1930లు, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్లు ఏరుకొచ్చి టమల్‌పాయిస్ కొండ పరిసరాల్లో మట్టిదారులు దిగేవారు. ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర 1976 అక్టోబరులో రీప్యాక్ పందెం మొదలైంది. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు వాళ్లవి. ఒక్కసారి కిందికి దిగేసరికి వెనక హబ్బు వేడెక్కి, లోపలి గ్రీజు పొగైపోయేది. విప్పి కొత్త గ్రీజు కూరితేగానీ మళ్లీ దిగలేకపోయేవారు, పందేనికి ఆ పేరు అందుకే. ఆ బృందంలోని జో బ్రీజ్ 1977లో కొండదారుల కోసమే కొత్తగా ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో ఫ్యాక్టరీలో తయారైన సైకిల్ తెచ్చింది. ఆ రెంటికీ స్ప్రింగు ఫోర్కు లేదు. రాక్‌షాక్స్ కంపెనీ తెచ్చిన అలాంటి ఫోర్కు బజారులోకి వచ్చేసరికి 1990 దగ్గరపడింది. పుష్కరకాలం పాటు ఆ కొండలన్నీ స్ప్రింగు లేని సైకిళ్లతోనే ఎక్కారు, దిగారు. వాళ్లు ముందుగా మార్చుకున్నవి బ్రేకులు, గేర్లు, టైర్లు. డబ్బు తక్కువున్నప్పుడు మనకూ అదే వరస పనికొస్తుంది.

స్ప్రింగు మంచిదే. కాకపోతే మంచి స్ప్రింగు ఖరీదైనది. కుదుపును మింగడం ఒక్కటే దాని పని కాదు, నొక్కుకున్నాక నెమ్మదిగా లేవాలి కూడా. అలా ఆపి లేపే ఆయిలు ఏర్పాటు చౌక ఫోర్కుల్లో చాలావాటికి ఉండదు. రాయి మీద పడ్డ చక్రం ఎగిరి, హ్యాండిల్ చేతుల్లోంచి జారబోతుంది. సీటు కింది స్ప్రింగు ఇంకా నష్టం. ఎగుడులో మనం తొక్కిన బలంలో కొంత అదే తినేస్తుంది. బరువు సంగతి సరే సరి, పదిహేడు పద్దెనిమిది కిలోలు తూగేవి కూడా ఉన్నాయి. ముందు ఫోర్కు ఒక్కటే ఉండి, దాన్ని బిగించేసే లాక్ ఉంటే అభ్యంతరం లేదు. రెండు స్ప్రింగుల సైకిల్‌ను మాత్రం ఈ ధరలో ఎవరినీ కొననివ్వను.

కొనే ముందు మాన్యువల్ అడిగి చూడండి. చాలా కంపెనీలు సైకిల్ ఏ స్థాయి దారికి పనికొస్తుందో అంకెతో చెబుతాయి. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పద్ధతిలో 1 అంటే తారురోడ్డు. 2 అంటే కంకర, మట్టిదారి, 15 సెంటీమీటర్లకు మించని దుముకులు. 3 అయితే అడవి బాటలు, 61 సెంటీమీటర్ల దాకా. మౌంటెన్ బైక్ అని పేరు పెట్టి అమ్మే చౌక సైకిళ్లలో రెండో స్థాయిని దాటనివి బోలెడు. మీ దారి కూడా ఊరి చెరువు కట్టలు, పొలం గట్లే అయితే ఆ రెండో స్థాయి చాలు, ఎక్కువ ఖర్చు అక్కర్లేదు.

ఇక బ్రేకులు. బేరమాడే ఓపిక ఎంత ఉన్నా ఇక్కడ మాత్రం తగ్గొద్దు. డిస్క్ ఉంటేనే మంచి బ్రేకు అన్న నమ్మకం పాతుకుపోయింది. పేరులేని డిస్క్ బ్రేకు కన్నా, మంచి రబ్బరు వేసి సరిగ్గా బిగించిన, రిమ్మును నొక్కి ఆపే వి-బ్రేకు పొడిదారిలో గట్టిగా ఆపుతుంది. బురదలో, వానలో డిస్క్ మేలు. ఈ బడ్జెట్‌లో దొరికేది ఎక్కువగా కేబుల్‌తో లాగే డిస్కే. చాలావాటిలో ఒక వైపు ప్యాడు మాత్రమే కదులుతుంది, అరిగేకొద్దీ రెండో వైపు తిప్పి దగ్గరికి తెచ్చుకోవాలి. అది చేతకాకపోతే నెల తిరక్కుండానే లివరు హ్యాండిల్‌కు తగులుతుంది. అందుకని షాపువాణ్ని తప్పకుండా అడగాల్సిన మాట: ‘‘అన్నా, దీని ప్యాడ్లు మన ఊళ్లో దొరుకుతాయా?’’ దొరకవంటే ఆ బ్రేకు ఎంత గొప్పదైనా మనది కాదు.

కంటికి కనిపించని భాగం వెనక హబ్బు. చౌక సైకిళ్లలో పళ్లచక్రాల గుత్తి, అంటే ఫ్రీవీలు, హబ్బుకు మరతో బిగుసుకుని ఉంటుంది. దానివల్ల కుడివైపు బేరింగు యాక్సిల్ చివర నుంచి బాగా లోపలికి జరిగిపోతుంది. రాళ్ల మీద దూకినప్పుడు ఆ ఖాళీ మేర యాక్సిల్ వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. ఫ్రీవీలుకు బదులు క్యాసెట్ అనే గుత్తి ఉండే హబ్బులో బేరింగు దాదాపు అంచు దాకా వస్తుంది కాబట్టి ఆ బెడద తక్కువ. రెండు సైకిళ్ల ధరల్లో వెయ్యి, పదిహేను వందలే తేడా ఉంటే క్యాసెట్ ఉన్నదాన్నే తీసుకోండి. షోరూంలో మెరిసేది కాకపోయినా, మూడేళ్ల తర్వాత కూడా మీతో ఉండేది అదే.

గేర్ల లెక్క పెద్ద విషయం కాదు. 21లో చాలావరకు ఒకదానికొకటి దాదాపు సమానం. ముందువైపు అతి చిన్న చక్రం పళ్లను వెనక అతిపెద్ద చక్రం పళ్లతో భాగించండి. 24ను 34తో భాగిస్తే 0.7 వస్తుంది. 0.8 లోపు ఉంటే ఘాట్‌రోడ్డులోనూ కూర్చునే ఎక్కొచ్చు. మన తాతల నల్ల సైకిల్‌కు ఆ అంకె దాదాపు రెండున్నర.

సైజు విషయంలో బతిమాలి చెబుతున్నాను. ఎంత తగ్గింపు ఇచ్చినా మీకు సరిపోని సైజు తీసుకోకండి. ఫ్రేము మధ్యలో రెండు కాళ్లూ నేల మీద ఆన్చి నిలబడితే పైగొట్టానికీ మీకూ కనీసం రెండంగుళాల సందుండాలి. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి సాధారణంగా పదిహేడు అంగుళాల ఫ్రేము సరిపోతుంది. చక్రం 27.5 అంగుళాలా 29 అంగుళాలా అన్న చర్చ కొత్తవాళ్లకు అనవసరం. పొట్టివాళ్లు మొదటిది చూసుకుంటే చాలు.

మన నేలకు తగిన మాట ఒకటుంది: ముల్లు. తెలంగాణలో, రాయలసీమలో మట్టిదారి దిగితే సర్కారు తుమ్మ ముళ్లు టైరు మందాన్ని దాటి దిగుతాయి. పల్లేరుకాయలు ఎటు పడినా ఒక కొన పైకే చూస్తుంటుంది. ట్యూబులో సీలెంట్ పోయించుకుంటే చిన్న రంధ్రాలు వాటంతటవే పూడుతాయి. గాలి మరీ గట్టిగా కొట్టిస్తే సైకిల్ రాయిరాయికీ ఎగురుతుంది, మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అరవై, డెబ్బై కిలోల మనిషికి 2.1 అంగుళాల టైరులో 30 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి సర్దుకోవచ్చు, టైరు పక్కన అచ్చువేసిన కనిష్ఠం కన్నా తగ్గకుండా. వాల్వు కూడా చూసుకోండి. స్కూటర్ వాల్వు లాంటిదైతే ప్రతి పంక్చర్ షాపులోనూ గాలి దొరుకుతుంది. సన్నటి ప్రెస్టా అయితే చిన్న అడాప్టరు దగ్గరుండాలి. వానలో నల్లరేగడిలోకి మాత్రం ఏ సైకిల్‌నూ తీసుకెళ్లొద్దు. ఆ మన్ను టైరుకూ ఫ్రేముకూ మధ్య బిగిసి చక్రాన్ని కదలనివ్వదు, ఇక మీరే దాన్ని భుజాన మోసుకురావాలి.

ఇరవై వేలకు అసలైన విలువ దొరికే చోటు పాత సైకిళ్ల బజారే అంటాను. 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఉత్సాహంగా కొని, తర్వాత బాల్కనీల్లో, సెల్లార్లలో వదిలేసినవి హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. కొత్తప్పుడు ముప్ఫై, నలభై వేలు పెట్టి కొన్నవి అందులో ఉంటాయి. కొనేముందు పగటి వెలుగులో పరీక్షించండి. హ్యాండిల్ దగ్గరి అతుకుల చుట్టూ, పెడళ్ల దగ్గర రంగు కింద సన్నటి పగులు గీత ఉందేమో వేలితో తడమండి. ఉంటే వదిలేయండి, అల్యూమినియం అయితే మరీనూ. స్టీలు గొట్టాన్ని వెల్డింగు షాపులో అతికించుకోవచ్చుగానీ అల్యూమినియానికి ఆ అవకాశం మామూలు షాపుల్లో లేదు. స్కేలు పట్టుకెళ్లి చైను కొలవండి. పన్నెండు జతల లింకులు సరిగ్గా పన్నెండు అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువొస్తే చైనుతోపాటు వెనక పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, ఆ మేరకు ధర తగ్గించమనండి. చక్రాలు పైకెత్తి తిప్పి చూడండి. కాస్త వంకర పోయినా పుల్లలు బిగించి బెండు తీసే మెకానిక్‌లు పాత బస్తీల్లో ఇంకా ఉన్నారు.

కొత్తదాన్ని ఆన్‌లైన్‌లో తెప్పిస్తే అది సగం విడిగా వస్తుంది. బిగించేటప్పుడు ఎడమ పెడల్‌కు మర ఎడమకు తిరుగుతుందని గుర్తుంచుకోవాలి. కుడి పెడల్‌లా బలవంతంగా తిప్పితే క్రాంకు మర పాడై కొత్త క్రాంకు కొనాల్సి వస్తుంది. ఫోర్కు వెనక్కి తిరిగి బిగిసుంటే సైకిల్ తిన్నగా పోదు, ఆ పొరపాటు కూడా మామూలే. అందుకే దగ్గరి షాపు మెకానిక్‌కు కొంత కూలి ఇచ్చి బిగింపించడం నయం.

ఇరవై వేలూ సైకిల్ మీదే పెట్టేయకండి. పదహారు, పదిహేడు వేలకు సైకిల్ చూసుకుని, మిగిలినదాంట్లో మొదట హెల్మెట్, తర్వాత ఒక స్పేర్ ట్యూబు, చిన్న పంపు, అలెన్ కీల సెట్టు తీసుకోండి. అనంతగిరి లాంటి అడవుల్లోకి వెళ్లే ముందు అటవీశాఖ వాళ్లను అడిగి అనుమతి ఉన్న దారుల్లోనే తొక్కండి. మొదటి నెల తొక్కాక సైకిల్‌ను ఒకసారి షాపుకు తీసుకెళ్లండి. కొత్త కేబుళ్లు సాగి ఉంటాయి, పుల్లలు సర్దుకుని వదులై ఉంటాయి. ఆ ఒక్కసారి బిగింపించుకుంటే చక్రం చాలాకాలం వంకరపోదు.