రద్దయినా వదలని వారెంటు

2002 ఆగస్టు 15న ముంబై కొలాబా ప్రాంతంలో ఒక న్యాయవాదిని పోలీసులు నాన్‌బెయిలబుల్ వారెంటు మీద అరెస్టు చేశారు. అప్పటికే కోర్టు ఆ వారెంటును రద్దు చేసింది. ఆ మాట ఆయన చెప్పినా పోలీసు అధికారి చెవికెక్కలేదు. విషయం బాంబే హైకోర్టుకు వెళ్తే రెండు వేల రూపాయల పరిహారం దక్కింది. అది చాలదని ఆయన సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2011 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. పరిహారం పెరగలేదు. కానీ, దేశంలోని ప్రతి కింది కోర్టూ వారెంట్లు ఎలా రాయాలో, ఎలా లెక్కకట్టాలో ఆ తీర్పు వరసగా చెప్పింది. వకీళ్లు దాన్ని ఆ న్యాయవాది పేరుతో భాసిన్ కేసు అంటారు.

చట్టం తెలిసిన వకీలుకే అలా జరిగితే, అదే ముంబైలో కామాఠీపుర గల్లీలో పదిమంది కలిసి ఉండే ఖోలీలోని (గదిలోని) తాపీమేస్త్రీ పరిస్థితి ఏమిటి? ఆయన వానాకాలం సేద్యానికి పాలమూరు వెళ్తాడు, మూడు నాలుగు నెలలకు గానీ తిరిగి రాడు. ఈలోగా సమన్లు వస్తే తలుపుకు తాళం ఉంటుంది. బౌన్సయిన చెక్కు కేసో, ఎవరికో జామీను ఉన్న కేసో, గల్లీ కొట్లాట కేసో కోర్టులో పిలుపుకొస్తుంది. పేరు పిలిచినప్పుడు పలికేవాళ్లుండరు. రోజ్‌నామాలో 'నిందితుడు గైర్హాజరు, వారెంటు జారీ' అని ఒక్క వాక్యం పడుతుంది. ఊళ్లో నాట్లు వేస్తున్న మనిషికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

రోజ్‌నామా అంటే మహారాష్ట్ర కోర్టుల్లో ప్రతి వాయిదా నాడు కేసులో ఏం జరిగిందో రాసే రోజువారీ నమోదు. వారెంటు సంగతి ముందుగా వెతకాల్సింది అందులోనే. చాలామంది పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అడగడానికి జంకుతారు, ఆ జంకు సహజమే. కోర్టు ఫైలుకైతే జంకక్కర్లేదు, దాన్ని వకీలు చూడవచ్చు, నకలుకు దరఖాస్తు పెట్టవచ్చు.

ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ కూడా కొంత చెబుతుంది. అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు ఉండే సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) ఉంటే కేసు వెంటనే తెరుచుకుంటుంది. లేకపోతే ఎఫ్ఐఆర్ నంబరుతోనో, పేరుతోనో వెతకాలి. పేరుతో వెతికేటప్పుడే తెలుగువాళ్లకు చిక్కు వస్తుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ముంబై పోలీసులు సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. ఎల్లయ్య ఒక కాగితంలో 'యెల్లయ్య' అవుతాడు, మరోచోట 'ఎలప్ప'గా మారతాడు. అందుకే తండ్రి పేరుతో ఒకసారి, ఇంటిపేరుతో ఒకసారి, ఇంగ్లీషు స్పెల్లింగు మార్చి మరోసారి వెతకాలి. దొరికితే కేసు దశ దగ్గర 'ఎన్‌బీడబ్ల్యూ' (నాన్‌బెయిలబుల్ వారెంటు) అని ఉందా అని చూడాలి. వాయిదా తేదీని నొక్కితే ఆనాటి నమోదు కనిపిస్తుంది. అయితే తెర మీద కనిపించేది దశ మాత్రమే, వారెంటు కాగితం కాదు. యాప్‌లో ఏమీ లేదు కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చని ఎవరైనా అంటే నమ్మకూడదు.

అసలు సాక్ష్యం రిజిస్టరులో ఉంటుంది. భాసిన్ తీర్పులో అన్నిటికన్నా విలువైన భాగం అదే. ప్రతి కోర్టూ వారెంట్ల రిజిస్టరు పెట్టాలి. జారీ అయిన ప్రతి వారెంటునూ వరసగా అందులో ఎక్కించాలి. ఆ వరస సంఖ్యను వారెంటు కాగితం కుడివైపు పైమూలన వేయాలి. రిజిస్టరులోకి ఎక్కని వారెంటు బయటికి వెళ్లకూడదు. పోలీస్ స్టేషన్‌లోనూ అలాంటి రిజిస్టరే ఉండాలి. వారెంటు అందగానే ఫలానా అధికారికి అప్పగించినట్టు అందులో పేరుతో రాయాలి. రద్దయితే ఆ ఉత్తర్వు కేసు ఫైలులోకీ కోర్టు రిజిస్టరులోకీ ఎక్కాలి. స్టేషన్‌కు నకలు పంపి, అమలు చేయకుండా వారెంటును వెంటనే వెనక్కి తెప్పించాలి. అది తిరిగొచ్చిన తేదీని రిజిస్టర్లలో వేయాలి. నిందితుడికి కూడా ఒక నకలు ఇవ్వాలి.

పేదవాడికి కలిసొచ్చేది ఆ చివరి నిబంధనే. 'వకీలు రద్దు చేయించాడు' అన్న మాటతో చాల్‌లో (కూలీలు ఉండే గదుల భవనంలో) అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ రద్దు కోర్టులో జరుగుతుంది, వారెంటేమో స్టేషన్‌లో ఉంటుంది. ఆ రెండింటి మధ్య కాగితం నడవకపోతే కొలాబాలో జరిగినదే కామాఠీపురలోనూ జరగవచ్చు. అందుకే వకీలును "అన్నా, రద్దయిందా?" అని అడిగి ఊరుకోకుండా "అన్నా, నకలు ఏది?" అని అడగాలి. ఆ నకలు జేబులో ఉండాలి, దాని ఫొటో ఇంట్లో మరొకరి ఫోన్లో ఉండాలి.

వారెంటుకు గడువు తీరడమనేది లేదు. జారీ చేసిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా అది బతికే ఉంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 72వ సెక్షన్ చెప్పేది ఇదే. పాత సీఆర్‌పీసీ 70వ సెక్షన్‌లోనూ ఇదే ఉంది. దేశంలో ఎక్కడైనా అమలు చేయవచ్చు కాబట్టి తెలంగాణ వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేసినంత మాత్రాన బయటపడ్డట్టు కాదు. తప్పిపోయిన వాయిదాకు కారణం ఉంటే ఆసుపత్రి చీటీ, రైలు టికెట్టు వంటి రుజువుతో అదే కోర్టు ముందు హాజరై రద్దుకు దరఖాస్తు పెట్టుకోవడమే మార్గం. తనంతట తాను వచ్చిన మనిషిని, పట్టుకొచ్చిన మనిషిని కోర్టు ఒకే కంటితో చూడదు. బెయిలు మీద ఉండి కారణం లేకుండా రాకపోతే అది మరో నేరం. భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష పడవచ్చు.

కామాఠీపుర గల్లీలకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన కామాఠీల వల్ల వచ్చింది. బొంబాయి కట్టడాలకు రాయి మోసింది వాళ్లే. వాళ్ల తర్వాత నేత మగ్గం వదిలి మిల్లుల్లో చేరిన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ చాల్‌లు నింపారు. 1982 నాటి మిల్లు కార్మికుల సమ్మె మిల్లులను కూల్చాక కుటుంబాలు చెదిరిపోయాయి. ఇప్పుడు పునరభివృద్ధి కోసం ఖాళీ చేసే ఇళ్లు ఎక్కువయ్యాయి. చిరునామా మారిన ప్రతిచోటా సమన్లు దారి తప్పే ప్రమాదం ఉంది, మారిన చిరునామాను కోర్టుకు రాసివ్వడం చాలామందికి తట్టదు.

కాగితం చేతికొస్తే

వారెంటు ఫారం చిన్నదే. అమలు చేయాల్సిన అధికారి పేరు, హోదా, నిందితుడి పేరు, చిరునామా, నేరం, అరెస్టు చేసి నా ముందు హాజరుపరచమనే ఆదేశం, తేదీ, ముద్ర, సంతకం. వెనకో కిందో ఇన్ని రూపాయల పూచీ, ఇంతమంది జామీనుదార్లు ఉంటే వదలవచ్చు అన్న రాత ఉంటే అది బెయిలబుల్ వారెంటు. ఆ రాతకు తగ్గ జామీను ఇస్తే పోలీసులే వదలాలి. మరాఠీలో 'జామీన్‌పాత్ర' అంటే ఇదే, 'అజామీన్‌పాత్ర' అని ఉంటే నాన్‌బెయిలబుల్. వారెంటులో ఏముందో పోలీసు చెప్పాలి, అడిగితే చూపించాలి. ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. తెలంగాణలో పట్టుకుంటే ముందుగా అక్కడి మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లడం సాధారణ పద్ధతి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. అందుకు ఫోన్ నంబరు 15100.

వాట్సాప్ వారెంటు

వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని కనిపించి, ముద్ర ఉన్న పీడీఎఫ్ పంపి, డబ్బు కడితే పేరు తీసేస్తామనే ముఠాలు 'డిజిటల్ అరెస్టు' పేరుతో చాలామందిని దోచుకున్నాయి. 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో హెచ్చరించాల్సి వచ్చింది. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. వారెంటు రద్దుకు ఏ పోలీసూ డబ్బు తీసుకోవడానికి వీల్లేదు, రద్దు చేసే అధికారం కోర్టుది. ఫోన్ పెట్టేసి కేసు నంబరును ఈ-కోర్ట్స్‌లో చూసుకోవాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.