తరగతిలో కోడిపిల్లలు

గ్రామములలో పెరిగిన పిల్లలకు పొదుగు కోడి క్రొత్తది కాదు. గంప క్రింద గడ్డిలో రెక్కలు విప్పుకొని కూర్చుండును. దగ్గరకు పోయినచో పొడుచును. 21 దినములకు పిల్లలతో బయటకు వచ్చును. ఇంత సులభముగా కనబడు ఈ పనిని పాఠశాలలో పొదుగుపెట్టెతో చేయబూనినపుడు గాని, కోడి ఎంత శ్రమ పడుచున్నదో మనకు తెలియదు.

మొదటి చిక్కు గ్రుడ్డుతోనే వచ్చును. అంగడిలో అమ్ము ఫారం గ్రుడ్లు సాధారణముగా పుంజులు లేని పెట్టలు పెట్టినవి. వానిని ఎన్నాళ్లు పొదిగినను పిల్లలు కావు. పుంజు తిరుగు మందనుండి, వారము లోపల పెట్టిన గ్రుడ్లను తేవలెను.

రెండవది వేడి. ఫ్యాను గల పెట్టెలో 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండవలెను. ఫ్యాను లేనిచో గ్రుడ్ల పైమట్టమున సుమారు 39 డిగ్రీలు. గంటసేపు కరెంటు పోయినంత మాత్రమున పిండము చావదు. కోడియు మేతకు లేచినపుడు గ్రుడ్లు కొంత చల్లారుచునే యుండును. మూత తెరవక దుప్పటి కప్పిన చాలును. వేడి మీరుటయే ఎక్కువ ప్రమాదము. మామూలు పెట్టె వేడి చేయగలదే గాని చల్లార్చలేదు. కనుక గది 40 డిగ్రీలకు చేరు మన వేసవిలో ఈ ప్రయోగము తలపెట్టరాదు.

మూడవది త్రిప్పుట. కోడి గ్రుడ్లను ముక్కుతో తరచుగా దొర్లించుచుండును. కదలక యున్నచో పిండము పెంకులోపలి పొరకు అంటుకొనును. ఒక వైపున పెన్సిలుతో గుర్తు పెట్టి, దినమునకు మూడు మార్లైనను త్రిప్పవలెను. 18 దినములు నిండిన పిమ్మట త్రిప్పరాదు. మరి ఆదివారముల మాటేమి? 21 దినములనగా సరిగా మూడు వారములు. ఏ వారమున పెట్టిన ఆ వారముననే పిల్లలగును. మంగళవారము శుభకార్యములకు పనికిరాదందురు గాని, దీనికి అదియే మంచి ముహూర్తము. 18 దినములు శనివారముతో నిండును. మూడవ ఆదివారము త్రిప్పు పని యుండదు. పెంకు చిట్లు సమయమునకు పిల్లలు బడిలో నుందురు. తక్కిన రెండు ఆదివారములు మాత్రము ఎవరో ఒకరు రావలసినదే.

నాలుగవది తేమ. పెంకులోని సన్నని రంధ్రములగుండా నీటి ఆవిరి పోయిన కొలది, గ్రుడ్డు మొద్దు కొననున్న గాలిగది పెరుగును. పిల్ల తన తొలి శ్వాసను ఆ గదిలోనే తీసికొనును. తేమ మితిమీరినచో గాలిగది చాలదు. కడపటి దినములలో తేమ తగ్గినచో పొర యెండి పిల్లను బిగించివేయును. మొదట 50 శాతము, చివరి మూడు దినములు 65 శాతమునకు పైగా నుండునట్లు నీటిపళ్లెములను అమర్చవలెను.

చిట్లిన పెంకునుండి పిల్ల బయటపడుటకు ఒక్కొక్కప్పుడు పూర్తి దినము పట్టును. మిగిలిన పచ్చసొనను కడుపులోనికి తీసికొనుచు, పొరలోని రక్తమును లోనికి లాగుకొనుచు అది విశ్రమించుచుండును. జాలిపడి పెంకు ఒలిచినచో రక్తము కారి చనిపోవచ్చును. ఇక్కడ ఉపాధ్యాయుడు చేయవలసిన కష్టమైన పని, విద్యార్థుల చేతులను ఆపుట.

కోడి క్రింద గ్రుడ్లయినను అన్నియు పిల్లలు కావు. ఆ సంగతి ముందే చెప్పవలెను. పుట్టినవానికి మొదటి వారము సుమారు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. తాకినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పుట్టినవానిలో ఇంచుమించు సగము పుంజులే యగును. వానిని కూడ ఎవరు పెంచెదరు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకిన పిమ్మటనే మొదటి గ్రుడ్డును పెట్టెలో ఉంచవలెను.