తప్పు ఎవరిదని ఎక్కడ అడగాలి?

ఎర్రగుంట్ల, చిలంకూరు సిమెంటు ఫ్యాక్టరీలు, జమ్మలమడుగు చుట్టూ నాపరాతి గనులు, పాలిష్ యూనిట్లు, పులివెందుల వైపు ముగ్గురాయి గనులు, తుమ్మలపల్లె యురేనియం గని, ప్రొద్దుటూరు మిల్లులు. ఈ ఊళ్ల మధ్య యంత్రం కిందో రాయి కిందో చెయ్యి పోగొట్టుకున్న మనిషి తెలియని వీధి ఉండదు. వాళ్లలో చాలామంది "పొరపాటు నాదేలే" అని ఊరుకుంటారు. అదే ఆస్పత్రిలో మనిషి పోతే మాత్రం "డాక్టరే చంపేశాడు" అని అద్దాలు పగలగొడతారు. చట్టం చూపు దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. పనిచోట ప్రమాదంలో తప్పెవరిదన్న ప్రశ్నకు దాదాపు చోటే లేదు. ఆస్పత్రి విషయంలో తప్పు రుజువు కాకపోతే ఒక్క రూపాయీ రాదు. మన దగ్గర వినిపించే అపోహల్లో చాలావాటికి మూలం ఈ తికమకే.

పనిచోట

అపోహ: నా అజాగ్రత్త వల్లే చెయ్యి పడింది. యజమానిని ఏ మొహం పెట్టుకుని అడిగేది?

వాస్తవం: ఉద్యోగుల పరిహార చట్టం 1923 నాటిది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. రెండింటిదీ ఒకటే సూత్రం: పని వల్ల, పని చేస్తుండగా గాయమైతే యజమాని పరిహారం ఇవ్వాలి. ఆయన తప్పు చేశాడని మీరు చూపించనక్కర్లేదు. మీ ఏమరపాటు కూడా అడ్డు కాదు. తాగి పనికి రావడం, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం, యంత్రానికున్న రక్షణ కవచాన్ని తెలిసీ తీసేయడం వంటివి రుజువైతేనే యజమాని తప్పించుకోగలడు. కార్మికుడు చనిపోయినా, శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోయినా ఆ సాకులు కూడా చెల్లవు.

అపోహ: నేను కంపెనీ మనిషిని కాను, కాంట్రాక్టరు మనిషిని.

వాస్తవం: కంపెనీ తన ఆవరణలో తన వ్యాపారానికి సంబంధించిన పనిని కాంట్రాక్టరుతో చేయించుకుంటే, ఆ కూలీకి గాయమైనప్పుడు కంపెనీని నేరుగా అడగవచ్చు. కట్టిన డబ్బును కంపెనీ తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకుంటుంది. ఆ తంటా కార్మికుడిది కాదు. గుర్తింపు కార్డు లేదని వెనక్కి తగ్గొద్దు. గేట్ పాసు, హాజరు పుస్తకం, ఫోన్‌పేలో పడిన కూలి, పక్కన పనిచేసినవాళ్ల సాక్ష్యం అన్నీ ఆధారాలే. బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన కూలీలకూ ఇదే హక్కు ఉంది.

అపోహ: ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది, ఇక రావాల్సింది ఏమీ లేదు.

వాస్తవం: 2021 మే 8న మన కడప జిల్లాలోనే కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాయి గని దగ్గర పేలుడు పదార్థాలు దించుతుండగా పేలి పదిమంది చనిపోయారు. అలాంటి వేళ ప్రభుత్వం ప్రకటించేది సాయం. చట్టం ఇప్పించేది బాకీ. రెండోదానికి లెక్క ఉంది: మరణమైతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరి నుంచి 15,000 రూపాయలకు మించిన జీతాన్ని లెక్కలోకి తీసుకోరు. 2024లో 35 ఏళ్ల కార్మికుడు చనిపోయాడనుకుందాం. గుణకం 197.06, జీతంలో సగం 7,500. పరిహారం 14,77,950 రూపాయలు. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేశారని తేలితే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. ఫ్యాక్టరీ గేటు ముందు శవాన్ని పెట్టుకుని బేరమాడే కుటుంబానికి ముందు తెలియాల్సింది ఈ లెక్క.

అపోహ: పెద్దమనుషుల పంచాయితీలో రాజీ కాగితం మీద వేలిముద్ర వేశాం. అయిపోయింది.

వాస్తవం: పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాసుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు. మరణ పరిహారాన్ని యజమాని కార్మిక శాఖ అధికారి దగ్గర జమ చేయాలి. ఇంటివాళ్ల చేతిలో నేరుగా పెట్టిన డబ్బును చట్టం పరిహారంగా గుర్తించదు. మూడు నెలల జీతానికి మించని అడ్వాన్సును మాత్రం మినహాయించుకోవచ్చు. గాయపడినవారితో రాజీ కుదిరినా అధికారి దగ్గర నమోదు కావాలి. మొత్తం మరీ తక్కువనిపిస్తే ఆయన దాన్ని తిరస్కరించవచ్చు.

అపోహ: సర్టిఫికెట్‌లో ఎంత శాతం రాస్తే అంతే వస్తుంది.

వాస్తవం: చట్టం వెనక ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం, ఒక కన్ను పోతే 40 శాతం. కానీ అసలు తూకం సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది. సినిమా హాల్లో నగిషీ పని చేస్తూ కిందపడిన ఒక వడ్రంగికి ఎడమచేతిని మోచేతి దగ్గర తీసేశారు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అది నూటికి నూరు శాతం నష్టమేనని 1975లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. నాపరాయి కోసేవాడి చెయ్యిని, కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడి చెయ్యిని ఒకే త్రాసులో తూచకూడదు.

అపోహ: ఈఎస్‌ఐ కార్డుంటే మందులు తప్ప ఏమీ రావు.

వాస్తవం: నెలకు 21,000 రూపాయల దాకా జీతమున్నవాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. పని ప్రమాదంలో గాయపడి ఇంట్లో ఉన్న రోజులకు జీతంలో 90 శాతం వస్తుంది. శాశ్వత వైకల్యమైతే, మరణిస్తే నెలనెలా సొమ్ము అందుతుంది. అయితే ఈఎస్‌ఐ ఉన్నవారు అదే గాయానికి యజమాని నుంచి పరిహారం కూడా కోరడానికి వీల్లేదు.

అపోహ: దారిలో జరిగింది, ఊపిరితిత్తుల్లో మెల్లగా వచ్చింది. ఇవి పని ప్రమాదాలు కావు.

వాస్తవం: డ్యూటీకి పోయే, వచ్చే దారిలో జరిగిన ప్రమాదానికి సమయం, స్థలం, పరిస్థితులను బట్టి పనితో సంబంధం కనబడితే అది పని ప్రమాదమేనని 2025 జులై 29న సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త స్మృతిలోనూ అదే ఉంది. ఇక రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్, రాతినారతో వచ్చే ఆస్బెస్టోసిస్, రేడియేషన్ వల్ల వచ్చే జబ్బులు చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినార గనుల్లో పనిచేసినవాళ్లు ఇది తెలుసుకోవాలి. దగ్గు పట్టుకుంటే పాత పని సంగతి డాక్టరుకు చెప్పి, కేసు షీటులో రాయించుకోవాలి.

ఆస్పత్రిలో

అపోహ: ఆపరేషన్ వికటించిందంటే డాక్టరు తప్పు చేసినట్టే.

వాస్తవం: సాధారణ నైపుణ్యమున్న వైద్యుడు ఆ పరిస్థితిలో చేయాల్సింది చేశాడా లేదా అన్నదే కొలత. చేసినా రోగి దక్కకపోతే అది నిర్లక్ష్యం కాదు. క్రిమినల్ కేసుకైతే తప్పు ఇంకా ఘోరమైనదై ఉండాలని, ముందు మరో వైద్యుడి స్వతంత్ర అభిప్రాయం తీసుకోవాలని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక అద్దాలు పగలగొట్టినవాళ్ల సంగతి. ఆస్పత్రులపై దాడుల నిరోధానికి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా పడతాయి. బెయిలు హక్కుగా రాదు. న్యాయం అడగాల్సిన కుటుంబమే ముద్దాయిగా మారుతుంది.

అపోహ: ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టాం కదా, ఇంకేం అడుగుతాం?

వాస్తవం: ఆ సంతకం మీకు వివరించిన వైద్యానికి అనుమతి. నిర్లక్ష్యానికి కాదు. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఛాతీలో గడ్డను పరీక్షించడానికే అనుమతి తీసుకుని, గడ్డనే తీసేశారు. నరాల సర్జన్‌ను పక్కన ఉంచుకోలేదు. అతని నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇప్పించింది.

అపోహ: ఉచితంగా చేయించుకున్న వైద్యం మీద కేసు వేయలేం.

వాస్తవం: వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. కొందరి దగ్గర ఫీజు తీసుకునే ఆస్పత్రిలో ఉచితంగా వైద్యం పొందినవారూ వినియోగదారులే. బీమా సంస్థ బిల్లు కట్టినా అంతే. పులివెందుల ఎమ్మెల్యేగా, ముఖ్యమంత్రిగా వైఎస్ రాజశేఖరరెడ్డి 2007లో మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లినవారు కార్డు చూసి జంకాల్సిన పనిలేదు. అందరికీ పూర్తి ఉచితంగా చూసే ప్రభుత్వ ఆస్పత్రి మాత్రం ఆ చట్టం కిందికి రాదు. అప్పుడు సివిల్ కోర్టు, హైకోర్టు దారులున్నాయి.

అపోహ: బెంగళూరులో ఆపరేషనైతే అక్కడికే తిరగాలి. పెద్ద డాక్టరు సాక్ష్యం లేకపోతే కేసు నిలబడదు.

వాస్తవం: 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. ప్రొద్దుటూరువాసికి కడపలోని జిల్లా కమిషన్ చాలు. ఆస్పత్రికి కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. మలేరియాను టైఫాయిడ్ అనుకుని వైద్యం చేసిన హైదరాబాద్ ఆస్పత్రి కేసులో, ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు కంటికి కనిపించే తప్పుకు కాగితాలే సాక్ష్యం. అందుకే ముందు కేసు షీటు అడగండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నియమం.

రెండుచోట్లా

అపోహ: కేసంటే ఏళ్లు, లాయరంటే ఖర్చు.

వాస్తవం: ఏళ్లు పట్టే మాట నిజమే. నిమ్స్ కేసులో ఆపరేషన్‌కూ తుది తీర్పుకూ మధ్య 19 ఏళ్లు గడిచాయి. ఖర్చు మాట నిజం కాదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, పారిశ్రామిక కార్మికులకు న్యాయ సేవా సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తుంది. దాని ఫోన్ నంబరు 15100.

అడగడానికి సాధారణ గడువు రెండేళ్లు. అది దాటితే ఆలస్యానికి గట్టి కారణం చూపాలి. అయితే కేసు బలం మొదటి రోజునే తేలిపోతుంది. గాయపడిన కూలీని ఆస్పత్రికి తెచ్చి "ఇంట్లో జారిపడ్డాడని రాయించండి, ఖర్చంతా మేం చూసుకుంటాం" అని చెప్పే మేస్త్రీలున్నారు. ఆ ఒక్క వాక్యం కేసు షీటులోకి ఎక్కితే తర్వాత ఏ లాయరూ దాన్ని చెరపలేడు. ఎక్కడ, ఏ పనిలో, ఎన్ని గంటలకు గాయమైందో ఉన్నదున్నట్టు రాయించండి. మరణమైతే పోలీసు ఫిర్యాదు, పోస్ట్‌మార్టం వదలొద్దు. రాజీ మాటలు ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.