తాహో వెళ్తున్నారా? నీళ్లను చూసి మోసపోకండి!

బే ఏరియాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్లకి లాంగ్ వీకెండ్ దొరికితే ముందు గుర్తొచ్చేది లేక్ తాహోనే. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కారులో మూడున్నర గంటలు. శుక్రవారం సాయంత్రం బయల్దేరితే మాత్రం ఆ లెక్క మర్చిపోండి.

సియెర్రా నెవాడా కొండల్లో, దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంటుందీ సరస్సు. లోతు 501 మీటర్లు. అమెరికాలో దీన్ని మించిన లోతు ఒక్క క్రేటర్ లేక్‌కే ఉంది. ఒడ్డున నిలబడితే అడుగున రాళ్లు కూడా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే! పైన ఎండ చురుక్కుమంటున్నా, ఆ నీళ్లు మంచు కరిగి వచ్చినవి. జూన్‌లో కూడా ఒక్కసారిగా దూకితే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఊపిరి అందక నోరు తెరిస్తే నీళ్లు లోపలికెళ్తాయి. గజ ఈతగాళ్లకైనా అంతే. అందుకే కయాక్ ఎక్కితే లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలి, పక్కన పెట్టుకుంటే లాభం లేదు. ఫొటో బాగా రాదని విప్పేస్తారు చూడండి, వాళ్లతోనే భయం.

చలికాలంలో అయితే స్కీయింగ్. 1960 వింటర్ ఒలింపిక్స్ జరిగింది ఇక్కడి పాలిసేడ్స్‌లోనే. జీన్స్ వేసుకోకండి, తడిస్తే ఆరవు. డిక్కీలో టైర్ చైన్లు ఉంచుకోండి. డెసొలేషన్ వైల్డర్‌నెస్‌లో రాత్రి టెంట్ వేయాలంటే పర్మిట్ తప్పనిసరి.

తిరుగు ప్రయాణం హైవే 50 మీదుగా పెట్టుకుంటే ప్లాసర్‌విల్ చుట్టూ ఎల్ డొరాడో ద్రాక్షతోటలు తగులుతాయి. 1848లో బంగారం దొరికిన కొలోమా కూడా అక్కడికి దగ్గరే. వైన్ రుచి చూడాలంటే 21 నిండాలి, ఐడీ చూపించాలి. స్టీరింగ్ పట్టేవాళ్లకి మాత్రం ద్రాక్షరసమే!