కడుపుమంట: కారముపై మోపిన నింద

తెలుగున కడుపుమంటకు రెండర్థములు. పొరుగువాని వృద్ధిని చూచి పుట్టు మంటకు వైద్యము లేదు. రెండవదానికి కలదు, కాని దాని కారణమును మనము తరచు తప్పుగా చెప్పుకొనుచున్నాము.

నేటి అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురమునే చూడుడు. ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చిన పిమ్మట అచటి బట్టల కర్మాగారములకు, మందుల కర్మాగారములకు చుట్టుప్రక్కల పల్లెలనుండి వేలమంది పోవుచున్నారు. స్త్రీలే ఎందరో. వేకువన బస్సెక్కువారు పలువురు గ్లాసెడు టీతో సరిపెట్టుకొందురు. నడుమునొప్పికొక మాత్ర వేసికొందురు. మధ్యాహ్నమునకు ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు! "నిన్నటి గోంగూర పచ్చడిలో కారమెక్కువైనది" అని తీర్పు. బడిపంతుళ్లమును ఇట్లే తీర్పు చెప్పుచుందుము.

కారము మంటను రేపవచ్చును. పుండును పుట్టించునను మాటకు ఆధారము లేదు.

జఠరరసములోని హైడ్రోక్లోరికామ్లము ఇనుమును సైతము కొరుకగలది. అది తన గోడనే జీర్ణించుకొనకుండ జిగురుపొర యొకటి కాపాడుచుండును. అన్నవాహికకు అంతటి రక్షణ లేదు. ఆ రసము పైకి ఎగదన్నినచో అదియే గుండెమంట. రాత్రి ప్రొద్దుపోయి కడుపునిండ భుజించి వెంటనే పరుండుట, స్థూలకాయము, పొగత్రాగుడు దీనికి దోహదములు. జఠరమున జిగురుపొర చెడినచో గోడ వాచును, ఒక్కొక్కప్పుడు పుండుపడును. జఠరమును దాటిన ఆంత్రమూలమున పుండు పడినవారికి ఆకలివేళ, అర్ధరాత్రి నొప్పి లేచి, నాలుగు మెతుకులు తినగానే తగ్గుట కద్దు.

ఈ పుండు ఉత్తరాదికంటె దక్షిణాదిని ఎక్కువగా కనబడుటేల? 1964లో రైల్వే వైద్యుడు డాక్టరు ఎస్.ఎల్. మల్హోత్రా దీనిపై వ్రాసెను. గోధుమరొట్టెను నమలక తప్పదు, లాలాజలము బాగుగా కలియును. మెత్తని అన్నమునకు ఆ యోగము తక్కువ అని ఆయన తలంపు. చారన్నమును జారవిడుచు మన అలవాటు చూచినచో ఆ మాట నమ్మబుద్ధి పుట్టును.

కాని 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున వారెన్, మార్షల్ అను వైద్యులు జఠరమున నివసించు క్రిమి నొకదానిని పెంచి చూపిరి. అంతటి ఆమ్లములో క్రిమి బ్రతుకునా యని పలువురు శంకించిరి. 1984లో మార్షల్ ఆ క్రిములు గల ద్రవమును తానే త్రాగి, కొలది దినములలో జఠరపు వాపు తెచ్చుకొనెను! తరగతిలో చెప్పదగిన కథ. విద్యార్థులు అనుసరింపదగినది మాత్రము కాదు. 2005లో ఇరువురికిని నోబెల్ బహుమానము లభించెను. హెలికోబాక్టర్ పైలోరి యను ఈ క్రిమి మన దేశమున చాలమందికి చిన్ననాడే సోకును. అందరికిని పుండు పడదు. అది ఉత్తరాదినను విరివిగా ఉన్నది గనుక మల్హోత్రా ప్రశ్న నేటికిని పూర్తిగా తీరలేదు.

రెండవ దోషి మన జేబులోనే ఉన్నది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు జిగురుపొరను నిలుపు ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డగించును. పరగడుపున టీ కాదు, దానితో మ్రింగిన మాత్రయే పెక్కుసారులు అపరాధి.

ఒకప్పుడు మొండిపుండుకు కత్తియే గతి. నేడు క్రిమి యున్నదని పరీక్షలో తేలినచో, సాధారణముగా రెండు వారముల మందులతో దానిని నిర్మూలింతురు. సోడా, ఆమ్లహరణ మాత్రలు మంటను అణచునే గాని క్రిమిని తొలగింపలేవు. నెలల తరబడి వానితోనే గడుపువాని పుండు లోలోపల రక్తము కార్చవచ్చును.

ఛాతీలో బరువు చేతికి ప్రాకి చెమట పోసినచో "గ్యాసు" అని కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. అది గుండెపోటు కావచ్చును. మ్రింగుట కష్టమైనను, కారణము లేక బరువు తగ్గినను, రక్తము వాంతియైనను, మలము తారువలె నల్లబడినను జాగు చేయరాదు. ఇనుపధాతువు మాత్రలు వాడువారికిని మలము నల్లబడును. అది వేరు, కాని ఏది ఏదియో తేల్చవలసినది వైద్యుడు.