కోరి చేయించుకొను గిటారు

గిటారు నాదము మన శ్రోతలకు క్రొత్తది కాదు. చలనచిత్ర గీతములలో దానిని నిత్యము వినుచున్నాము. శ్రీ బ్రిజ్‌భూషణ్ కాబ్రా, శ్రీ విశ్వమోహన్ భట్ వంటి విద్వాంసులు దానిపై హిందూస్థానీ రాగములను పలికించి, ఈ పాశ్చాత్య వాద్యమునకు మన కచేరీలలో పీట వేసిరి. అయితే దుకాణమున వ్రేలాడు గిటారును కొని తెచ్చుకొనుట వేరు. పనివానియొద్దకు పోయి, చెక్క నెన్నుకొని, తనకై ఒకదానిని చేయించుకొనుట వేరు. అట్లు చేయించుకొనువారిలో కొందరు ఆచారముగా వచ్చు చెక్కను విడిచి, పై పలకకు వేరొక చెక్కను కోరుచుందురు. ఇది వ్యయముతోడి పని. ఒకసారి అతికించిన పై పలకను మార్చుట యనగా వాద్యమును దాదాపు తిరిగి చేయుటయే. కావున ఆ కోరికలోని మంచి చెడ్డలను ఈ ప్రసంగమున విచారింపదలచితిమి.

మొదట నాదము పుట్టు తీరును తెలిసికొందము. తంతి సన్ననిది. అది ఒంటరిగా కంపించినచో గాలిని కదల్చు శక్తి దానికి మిక్కిలి తక్కువ. దాని కంపనము గుర్రము మీదుగా పై పలకకు దిగును. విశాలమైన ఆ పలక కంపించి, పెట్టెలోని గాలిని, వెలుపలి గాలిని కదల్చును. అప్పుడే మన చెవికి నాదము అందును. మన వీణెకు కుండపై మూసిన పలక చేయు పనియు ఇదియే. బొబ్బిలి పనివారు వీణెకు పనసచెక్కను ఎంత శ్రద్ధతో ఏరుకొందురో, గిటారు చేయువాడు పై పలకను అంత శ్రద్ధతో ఏరుకొనవలెను.

వెనుక పలకకును, ప్రక్క చెక్కలకును ఇంతటి ప్రాధాన్యము లేదనుటకు రెండు నిదర్శనములు కలవు. స్పెయిను దేశీయుడైన ఆంటోనియో దె తోరెస్ (1817–1892) నేటి గిటారు ఆకృతికి మూలపురుషుడు. ఆయన 1862లో ఒక గిటారుకు పై పలకను మంచి చెక్కతో చేసి, వెనుకను, ప్రక్కలను కాగితపు అట్టతో కట్టెను. ఆ వాద్యము బార్సిలోనాలోని సంగీత వస్తుప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. రెండవ నిదర్శనము మన కాలమునకు చెందినది. ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ పరీక్షాఫలితములను 2018లో ప్రకటించిరి. ఒకే పనివాడు ఆరు గిటారులను చేసెను. అన్నిటికిని పై పలక ఒకే జాతి చెక్క. వెనుక, ప్రక్క చెక్కలు మాత్రము ఆరు జాతులవి. వానిలో ఖరీదైనవియు, చవుకవియు కలవు. 52 మంది వాదకులు చెక్క కంటబడని ఏర్పాటులో వానిని వాయించి, మార్కులు వేసిరి. ఆ మార్కులలో చెప్పుకొనదగిన తేడా కానరాలేదు. కనుక చేయించుకొనువాడు తన విచారమునంతయు ముందుగా పై పలకపై నిలుపుట న్యాయము.

ఆ పలకకు రెండు పరస్పర విరుద్ధములైన పనులు కలవు. ఆరు ఉక్కు తంతులను శ్రుతి చేసినపుడు వాని లాగుడు మొత్తము సుమారు 70 కిలోల బరువునకు సమానము. దానిని ఓర్చుకొను పలక మందము ఇంచుమించు 3 మిల్లీమీటర్లు మాత్రమే. బలమునకై లోపల బద్దలు అతికింతురు. పలక బరువెక్కినచో చురుకుగా కంపింపదు. మరీ పలుచనైనచో లాగుడుకు ఉబ్బి వంగిపోవును. తేలికదనమును, బిగువును ఒక్కచోట కూడిన చెక్క కావలెను. అందుచేతనే శతాబ్దములుగా స్ప్రూస్ అను చెట్టు ఈ పనికి పేరుగాంచినది. ఇది చలిదేశములలో పెరుగును. మన హిమాలయములందును ఈ జాతి కలదు. ఒక ఘనమీటరు టేకు సుమారు 650 కిలోలు తూగగా, అలాస్కా తీరపు సిట్కా స్ప్రూస్ 425 కిలోలు మాత్రమే తూగును. అయినను నార వెంబడి దాని బిగువు ఆశ్చర్యకరము.

ఇక స్ప్రూస్‌ను విడిచి పోవువారికి ఏ త్రోవలు కలవు? మొదటిది ఎర్ర సెడారు. ఉత్తర అమెరికా పడమటి తీరపు ఈ చెక్కను మాడ్రిడ్ నగరపు మూడవ హొసే రామిరెజ్ 1960 దశకమున తన గిటారులకు వాడి, కచేరీ వాదకులచే మెప్పించెను. అది స్ప్రూస్ కంటెను తేలిక. మెల్లగా మీటినను వెంటనే పలుకును. నాదము వెచ్చగా, గుండ్రముగా నుండునని వాదకులు చెప్పుదురు. బలముగా కొట్టి వాయించువారికి మాత్రము అది త్వరలో హద్దు చూపునని అందురు. మెత్తనిది గనుక గోరు తగిలినను గంటు పడును.

రెండవది కాలిఫోర్నియా రెడ్‌వుడ్. పూర్వము దుంగలను నదులలో తేల్చి కొనిపోవునపుడు కొన్ని మునిగి, అడుగున నిలిచిపోయినవి. వానిని నేడు పైకి తీసి కోయుచున్నారు. దశాబ్దములు నీటిలో నానిన ఆ చెక్క వింత రంగులు దేరి కంటికి ఇంపుగా నుండును; క్రొత్తగా చెట్టు కొట్టవలసిన పనియు లేదు. కాని రెడ్‌వుడ్ సులభముగా చీలు స్వభావము గలది.

మూడవ త్రోవ గట్టిచెక్కలది. హవాయి ద్వీపములలో తప్ప వేరెచ్చటను సహజముగా పెరుగని కోవా చెక్క, 1915 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శన మూలమున హవాయి సంగీతముతోపాటు అమెరికా అంతటను ప్రసిద్ధికెక్కెను. అమెరికాలోని మార్టిన్ సంస్థ 1922లో మహాగని పై పలకతో ఉక్కు తంతుల గిటారును వెలువరించెను. ఈ రెండు చెక్కలును ఘనమీటరుకు సుమారు 600 కిలోలు తూగును. బరువు చేత నాదము కొంత అణిగి యుండును; స్వరమునకు స్వరము విడివిడిగా వినిపించును; గాత్రమునకు సహకారముగా వాయించుటకు ఒప్పునని వీనిని మెచ్చుకొందురు.

ఇచ్చట మేము నొక్కి చెప్పదలచినది ఒకటి కలదు. పైన చెప్పిన గుణములు జాతికి చెందినవే కాని, మన చేతికి వచ్చు పలకకు చెందినవని నమ్మరాదు. ఒకే చెట్టు నుండి కోసిన రెండు పలకలలో సయితము బిగువు భేదించును. అందుచే పనివాడు పలకను చేత పట్టి వంచి చూచును, వ్రేలితో తట్టి వినును, చిత్రిక పట్టి మరల తట్టును. మందమును పదింట ఒక వంతు తగ్గించినచో పలక బరువు పదింట ఒక వంతే తగ్గును. బిగువు మాత్రము నాల్గింట ఒక వంతునకు మించి తగ్గును. చిత్రిక ఒక్క వరుస ఎక్కువగా నడచినచో వాద్యము గతి మారిపోవును. అలవాటైన స్ప్రూస్ విషయమున పనివానికి వెనుకటి పనుల జ్ఞాపకము తోడు నిలుచును. అరుదైన చెక్క విషయమున ఆ తోడు తక్కువ. కనుక అరుదైన చెక్కను కోరువాడు, ఆ చెక్కతో ఇంతకుముందు పనిచేసిన చేతినే వెదకవలెను. దొరకినచో ఆ పనివాడు చేసిన గిటారును వాయించి చూచిన పిమ్మటనే బయానా ఈయవలెను.

బయానా ఇచ్చునపుడు ఏమి చెప్పవలెను? పలక ఇన్ని మిల్లీమీటర్లుండవలెనని శాసించుట తగదు. అది పనివాని చెవికి, చేతికి విడువవలసిన విషయము. మనము చెప్పవలసినది మన వాయింపును గూర్చి. వ్రేళ్లతో మీటుదుమా, బిళ్లతోనా? మెత్తగానా, బలముగానా? తంతులు ఉక్కువా, నైలానువా? పాటకు తోడుగానా, ఒంటరి కచేరీకా? ఏ గిటారు నాదము మనకు నచ్చినది, ఏది నచ్చలేదు? ఈ సంగతులు విన్న పనివాడు తానే తగిన చెక్కను సూచింపగలడు. చెక్కపై అలలవలె మెరయు నారను చూచి మురియుట సహజమే. కాని నార తిన్నగా సాగని చోట బిగువు తగ్గుననుట మరువరాదు. పని పూర్తియగుటకు పట్టు కాలము, చెల్లింపుల వరుస, పగులు వచ్చినచో బాధ్యత ఎవరిదను మాట, ఇవి యన్నియు కాగితముపై నుండుట ఇరువురకును మేలు.

వాద్యము నివసింపబోవు ఊరిని గూర్చియు చెప్పవలెను. గాలిలో తేమ నూటికి 40–50 పాళ్లుండు గదులలో గిటారులను కూర్చుట పరిపాటి. మన సముద్రతీరపు ఉక్కలో పలక తేమను పీల్చి ఉబ్బును. తంతులు మెట్లకు ఎత్తుగా లేచి, వ్రేళ్లకు శ్రమ కలుగును. రాయలసీమ వేసవి పొడిగాలికి పలక కుంచించుకొని చీలిపోవచ్చును. రెడ్‌వుడ్ వంటి చీలు చెక్కను కోరువారికి ఈ హెచ్చరిక మరింత అవసరము. గిటారును పెట్టెలో మూసి యుంచుట, తేమను కొలుచు చిన్న సాధనమును అందుంచుట సులభోపాయములు.

వెనుక, ప్రక్క చెక్కల విషయమున మన దేశమునకు దగ్గరి సంబంధము కలదు. 1969 మొదలు మార్టిన్ సంస్థ బ్రెజిలు రోజ్‌వుడ్‌కు బదులుగా భారతదేశపు రోజ్‌వుడ్‌ను, అనగా మన ఇరుగుడును, వాడసాగెను. వృక్షములు నశింపకుండుటకై 2017లో అంతర్జాతీయ ఒడంబడిక ఈ జాతి చెక్కల వర్తకమునకు అనుమతి పత్రములు కావలెనని విధించెను. తయారైన వాద్యములకు 2019లో మినహాయింపు వచ్చెను. బ్రెజిలు రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు లేదు. పరదేశము నుండి తెప్పించుకొనువారు ఏ చెక్క ఎచ్చటిదో పనివానిచే వ్రాయించుకొనుట క్షేమము.

అరుదైన చెక్క తనంతట తానుగా మంచి నాదము నీయదు. మంచి పనివాని చేతిలో మంచి పలకయైనచో ఇచ్చును. కాబట్టి చెక్క పేరు ముందుగా నిర్ణయించుకొని నాదము కొరకు ఎదురుచూచుట కంటె, కోరిన నాదమును పనివానికి తెలిపి, దానికి తగు చెక్కను అతనితో కూడి వెదకుట ఉచితము. ఇకమీదట రేడియోలో గిటారు విన్నపుడు, నచ్చిన నాదము తేటగా నున్నదా, వెచ్చగా నున్నదా, ఎంతసేపు నిలిచెను అని శ్రోతలు గమనింతురు గాక. ఎన్నడైన గిటారును చేయింపదలచినచో పనివానితో చెప్పవలసిన మొదటి మాటలు అవియే.