అద్దకపు రంగును తంతువులు గ్రహించే తీరు: పత్తి, పట్టు, పాలిస్టర్‌ల పోలిక

ఒకే అద్దకపు తొట్టిలో పత్తి, పట్టు, పాలిస్టర్ గుడ్డలను కలిపి ముంచినా మూడింటికీ ఒకే గాఢతలో రంగు పట్టదు. ఇందుకు కారణం రంగు నాణ్యత ఒక్కటే కాదు. తంతువు రసాయనిక స్వభావం, అంతర్నిర్మాణం, నీటిని పీల్చుకునే గుణం కూడా. పత్తి తంతువు పొలంలోనే రూపొందుతుంది గనుక ఈ విషయం వస్త్ర శాస్త్రంతోపాటు సేద్య శాస్త్రానికీ సంబంధించినది.

తేమను గ్రహించే గుణం

రంగును తంతువులోనికి చేర్చే ప్రధాన వాహకం నీరు. గాలిలో 65 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న ప్రామాణిక పరిస్థితులలో, పొడి బరువుపై ఉన్ని సుమారు 16, పట్టు 11, పత్తి 8.5, నైలాన్ 4, పాలిస్టర్ 0.4 శాతం తేమను కలిగి ఉంటాయి. అయితే తేమ ఒక్కటే నిర్ణాయకం కాదు. పత్తి కంటే తక్కువ తేమను గ్రహించే నైలాన్, తన అణువులలోని అమైనో సమూహాల వలన ఆమ్ల రంగులను గాఢంగా పట్టుకుంటుంది.

సహజ తంతువులు

పత్తిలో అధిక భాగం సెల్యులోజ్. దానిలోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటిని, రంగును ఆకర్షిస్తాయి. డైరెక్ట్ రంగులు బలహీన బంధాలతో మాత్రమే నిలుస్తాయి; అందువలన ఉతుకులో కొంత వెలిసిపోతాయి. రియాక్టివ్ రంగులు క్షార మాధ్యమంలో సెల్యులోజ్‌తో దృఢమైన రసాయనిక బంధం ఏర్పరచుకొని నిలుస్తాయి. నీటిలో పత్తి ఉపరితలానికి ఋణావేశం కలుగుతుంది. రంగు కణాలదీ ఋణావేశమే గనుక, వాటి మధ్య వికర్షణను తగ్గించడానికి ఉప్పు కలుపుతారు.

అనేక ప్రకృతి సిద్ధమైన రంగులపై పత్తికి ఆకర్షణ స్వల్పం. అందుకే కలంకారీ పనివారు ముందుగా గుడ్డను కరక్కాయ, పాల మిశ్రమంలో నానబెడతారు. కరక్కాయలోని టానిన్, తరువాత అద్దే పటిక కలిసి రంగును తంతువుకు బంధిస్తాయి.

పట్టు, ఉన్ని ప్రోటీన్ తంతువులు. ఆమ్ల ద్రావణంలో వాటి అమైనో సమూహాలు ధనావేశం పొంది, ఋణావేశం గల ఆమ్ల రంగులను ఆకర్షిస్తాయి.

కృత్రిమ తంతువులు

పాలిస్టర్‌లో రంగును ఆకర్షించే ఆవేశ సమూహాలు దాదాపు లేవు. అణువుల గొలుసులు దగ్గరగా ఒదిగి ఉంటాయి. కాబట్టి నీటిలో అతి స్వల్పంగా కరిగే డిస్పర్స్ రంగులను వాడి, పీడనంలో సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తారు. వేడికి గొలుసులు సడలగా రంగు అణువులు లోనికి చొరబడతాయి. చల్లారాక అక్కడే చిక్కుకుంటాయి. పాలిస్టర్, పత్తి కలిసిన వస్త్రానికి సాధారణంగా రెండు తరగతుల రంగులు అవసరమయ్యేది ఇందువలననే.

పొలంలో నిర్ణయమయ్యే అద్దకం

పత్తి తంతువు పూత తరువాత సుమారు మూడు వారాలు ప్రధానంగా పొడవు పెరుగుతుంది. ఆపై కాయ పగిలే వరకు లోపలి గోడపై సెల్యులోజ్ పొరలు పేరుకుంటాయి. ఈ రెండవ దశలో బెట్ట, పొటాష్ లోపం లేదా ఆకులు ముందుగా రాలిపోవడం సంభవిస్తే గోడ పలుచబడి తంతువు పక్వం కాదు. అటువంటి తంతువులు సులభంగా చిక్కుపడి ఉండలు కడతాయి. వాటికి రంగు తక్కువగా పట్టడమే గాక, చదునైన ఉపరితలం వెలుతురును ఎక్కువగా పరావర్తనం చేస్తుంది. ఫలితంగా ముదురు రంగు వస్త్రంపై తెల్లని చుక్కలు కనిపిస్తాయి. నూలు దశలో అంతగా కనిపించని ఈ లోపం అద్దకం తరువాతే బయటపడుతుంది. అప్పటికి దానిని సరిదిద్దడం కష్టం, ఖర్చుతో కూడిన పని.

మైక్రోనేర్ విలువ తంతువు సన్నదనాన్ని, పక్వతను కలిపి సూచిస్తుంది. అమెరికన్ పత్తి రకాలలో 3.5 నుండి 4.9 వరకు సాధారణంగా ఆమోదయోగ్యం. తక్కువ విలువ నమోదైనంత మాత్రాన పత్తి అపక్వమని నిర్ధారించరాదు. సహజంగానే సన్నని పింజ గల రకాలలోనూ అది తక్కువగా ఉంటుంది. కనుక రకాన్ని బట్టి విలువను పరిశీలించాలి.

కాయ ఎదిగే దశలో తేమ, పొటాష్ లోపించకుండా చూడడం, పూర్తిగా విచ్చిన కాయల నుండే పత్తి తీయడం, గుడ్డికాయల పత్తిని, చివరి తీతల పత్తిని మొదటి తీతల పత్తితో కలపకుండా వేరుగా నిల్వ చేయడం విస్తరణ కార్యక్రమాలలో రైతులకు వివరించవలసిన అంశాలు. చివరి తీతల పత్తి కొద్దిగా కలిసినా మంచి పత్తి కుప్ప మొత్తానికి ధర తగ్గే అవకాశముంది.